రిహార్సల్ మావయ్య

మా మావయ్య రిహార్సల్ లేకుండా తుమ్మడు కూడా. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ముందు రోజంతా ఇంట్లో నోరు తెరుచుకుని కూర్చుంటాడు. ఓసారి చొక్కా కొనడానికి అద్దం ముందు బేరమాడి, అక్కడే ఓడిపోయి, కొట్టుకి వెళ్లడం మానుకున్నాడు.

అలాంటి మనిషి చేతిలో నా ఇంటర్వ్యూ పడింది. కొండల్లో తిరుగుతూ సీతాకోకచిలుకలని గుర్తుపట్టి లెక్కపెట్టే ఉద్యోగం. చిన్నప్పటినుంచీ నేను కోరుకున్నది అదొక్కటే. అంతకుముందు రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోవడంతో ఈసారి లోపల్లోపల వణుకుగా ఉంది.

"పుస్తకాలెన్ని చదివితే ఏం లాభం? ఎగిరేది ఎదురుగా ఉండాలి," అంటూ మావయ్య పాత పసుపుపచ్చ దుప్పటికి బొగ్గుతో చుక్కలు పెట్టి భుజాలకి కట్టుకున్నాడు. పెరట్లో ఆరేసిన బట్టల మధ్య ఎగరడం మొదలుపెట్టాడు. నేను వల పట్టుకుని, చప్పుడు కాకుండా వెనక నడవాలి. కాసేపటికి పూలకుండీ పక్కన స్టూలు మీద వాలి, దుప్పటి కొసలు వీపు వెనక కలిపాడు.

"రెక్కలు మూశాను. చుక్కలు చూసి నేనెవరో చెప్పు."

"మావయ్యవి."

"మార్కులు పోతాయి."

పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "మీ తమ్ముడికి ఒంట్లో బాగానే ఉందా?" అని అమ్మని అడిగింది.

"ఇంటర్వ్యూ ఉందండీ," అంది అమ్మ.

"ఎవరికి?"

ఓసారి మావయ్య నీళ్ల ట్యాంకు వెనక్కి తుర్రుమని, "ఇప్పుడు ఏ రకమో చెప్పు," అన్నాడు.

"సరిగ్గా కనపడలేదు. చెప్పలేను," అన్నాను చిరాగ్గా.

దుప్పటి ఈడ్చుకుంటూ బయటికొచ్చాడు. "అదీ జవాబు. ఇంకో పదిసార్లు అను. తెలీదని చెప్పేటప్పుడు నీ గొంతు వణుకుతోంది."

ఇంటర్వ్యూలో తోటంతా నడిపించి, పొదలోకి మాయమవుతున్న సీతాకోకచిలుకని చూపించి సరిగ్గా అదే అడిగారు. గొంతు వణకకుండా చెప్పలేనన్నాను. ఊహించి చెప్పేవాళ్లతో లెక్కలు పాడవుతాయని, సాయంత్రానికల్లా ఉద్యోగం నాకే ఇచ్చారు.

చీకటిపడే వేళకి ఇంటికి చేరాను. ఏమైందని ఎవరూ అడగలేదు. అమ్మ నవ్వు పులుముకుని కాఫీ చేతిలో పెట్టింది. నాన్న కిటికీ బయట చీకట్లోకి చూస్తూ, "ఎండ ఎక్కువగా ఉందమ్మా," అన్నారు. అమ్మమ్మ ఏదో మొదలుపెట్టి, మరిచిపోయి, మావయ్య వంక చూసింది.

"లోకంలో ఉద్యోగాలకేం కరువా," అని మావయ్య గొంతు తగ్గించి అందించాడు.

అప్పుడర్థమైంది. నేను ఓడి వస్తే నా మనసు నొచ్చుకోకుండా ఎలా చూసుకోవాలో పొద్దుటినుంచీ ఇంటిల్లిపాదితో రిహార్సల్ వేయించాడు. ఉద్యోగం వచ్చినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

"మావయ్యా, ఉద్యోగం వచ్చింది," అన్నాను.

ముగ్గురూ మావయ్య వంక చూశారు. ఆయన బుర్ర గోక్కున్నాడు.

"దీనికి రిహార్సల్ వెయ్యలేదే. ఒక్కసారి బయటికెళ్లి మళ్లీ రా తల్లీ."

వెళ్లి, చెప్పులు వేసుకుని, మళ్లీ తలుపు తట్టాను.