పదమూడు గుమ్మాల కీర్తన

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. క్రైస్తవుణ్ణి గనక పరిశుద్ధాత్మను నమ్ముతాను. తక్కిన ఆత్మలతో పరిచయం పెంచుకోలేదు. కలకత్తాలో మంచినీళ్ల పంపు నడిపే ఉద్యోగం నాది. ఏది తిప్పితే ఏది వస్తుందో తెలిసినవాణ్ణి. పోయిన ఎండాకాలం ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో వచ్చింది మాత్రం ఏది తిప్పితే వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఇది భయంతో రాయడం లేదు, కోపంతో రాస్తున్నాను. అందులో సగం నా మీదే.

మా అమ్మ శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ ముప్పై ఏళ్లు వీధులు ఊడ్చింది. చదువు రాదు. తొంభై ఒకటో కీర్తన నోటికి రావాలని ఆశ. కాపుదల కీర్తన కదా, మావాళ్లు దాన్ని కత్తి అంటారు. సాతాను ఎదురైతే దూయమంటారు. తెల్లారగానే నాన్న ఒక వచనం చదివి వినిపిస్తే, అమ్మ దాన్ని తన వీధిలో ఒక గుమ్మానికి కట్టేసుకునేది. చీపురు ముందుకు పోతే రెండు మాటలు, వెనక్కి వస్తే ఊపిరి. గుమ్మం దాటగానే పుల్లలు సమంగా సర్దుకునేలా చీపురు మొదలు నేలకేసి రెండుసార్లు కొట్టేది. ఆ తర్వాత ఇంకో గుమ్మం, ఇంకో వచనం.

కొళాయి దగ్గర్నుంచి ట్రాము రోడ్డు దాకా ఆవిడ వంతు, వాళ్ల మాటలో బీటు, పదమూడు గుమ్మాలు. కీర్తనలో వచనాలు పదహారు. మిగిలిన మూడూ నేర్చుకోమంటే, "నా వీధి అక్కడితో సరి. ఆ పైది ఇంకోళ్ల బీటు," అనేది. ఇంట్లో కూర తరుగుతూ చెప్పినా అదే వరస, అదే ఊపిరి. చేతిలో చీపురు లేకపోతే అరచేత్తో నేల మీద రెండు దెబ్బలు. పదమూడు కాగానే ఆపేసేది.

నా కూతురు ఎస్తేరు పుట్టడానికి రెండేళ్ల ముందే అమ్మ పోయింది, అంతకుముందే నాన్న.

ఎస్తేరుకిప్పుడు పంతొమ్మిదేళ్లు. బెంగాలీ మీడియంలో చదివింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. పాటలు కూడా ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు చూసి పాడుతుంది. చర్చిలో వాక్యం చదివేది నేను. తెలుగు చదివేవాళ్లు తగ్గిపోవడమే నా అర్హత.

రెండేళ్లుగా పిల్లకి ఫిట్స్. డాక్టరు బిళ్లలు రాశాడు. అవి వేసుకుంటున్నంతకాలం నెలల తరబడి రాలేదు. అప్పుడు ఆంధ్రా నుంచి ఉపవాస కూటాలకు ఒక దైవజనుడు, అంటే ఊరూరా తిరిగే బోధకుడు, వచ్చాడు. పేరు రాయను, తిట్టినా ఆయనకది ప్రచారమే. మా ఇంట్లో టీ తాగుతూ మందుల డబ్బా చూశాడు.

"వాక్యమనే ఖడ్గం చేతిలో ఉండగా బిళ్లలెందుకు బ్రదర్? ఇది అవిశ్వాసం. వాడు ఇది పట్టుకునే ఇంట్లో తిష్ట వేశాడు," అన్నాడు. వాడంటే సాతాను.

నా భార్య సువార్త ఒప్పుకోలేదు. "డాక్టరుబాబుని అడక్కుండా ఎలాగ ఆపేస్తాం? నీకేటైనా బుద్దుందా?" అంది. లేదని తర్వాత తేలింది. ఆ డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసింది నేనే. నాలుగో రోజు, ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి రాగానే, ఎస్తేరు పడిపోయింది.

కబురందుకుని దైవజనుడు వచ్చాడు. తలుపు గడియ పెట్టించాడు. అప్పటికి ఫిట్ తగ్గింది. పిల్ల గోడకి ఆనుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చుంది. ఆయన బైబిలు మూసి, దాంతోనే ఆమె నెత్తి మీద కొట్టడం మొదలుపెట్టాడు. "ఖడ్గం! ఖడ్గం! బయటికి రా!" దెబ్బకో కేక. అట్ట అంచు తగిలి కణత కందిపోయింది.

ఆమె చేతులు కదలకుండా పట్టుకున్నది నేను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క వాల్వునైనా అంత గట్టిగా పట్టుకోలేదు.

అప్పుడు ఎస్తేరు మొదలుపెట్టింది. తొంభై ఒకటో కీర్తన. తెలుగులో, మొదటి వచనం నుంచి. రెండు మాటలు, ఊపిరి. రెండు మాటలు, ఊపిరి. వచనం చివర నా పట్టులోంచి చెయ్యి లాక్కుని అరచేత్తో నేల మీద రెండు దెబ్బలు. గొంతు ఎస్తేరుదే. వరస మా అమ్మది. నా వేళ్లు వాటంతటవే వదిలేశాయి.

"అత్త... అత్తలాగ సెప్తంది," అంది సువార్త.

పదమూడో వచనం. రెండు దెబ్బలు. ఆగిపోయింది.

"చూశారా!" అని దైవజనుడు ఎగిరాడు. "ఆఖరి మూడు వచనాలు దేవుడు స్వయంగా పలికినవి. వాడి నోట రావు. దొరికిపోయాడు! వాడికి ఈ కీర్తన వచ్చు బ్రదర్, ప్రభువును శోధించినప్పుడు ఎత్తింది ఇదే!"

ఎందుకు ఆగిందో ఆ గదిలో నాకూ సువార్తకూ తెలుసు. వీధి అయిపోయింది.

అంత కోపం నాకెన్నడూ రాలేదు. "వచ్చండి, వాడికొచ్చు," అన్నాను. "దేవాలయం శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారులే అని ఈ కీర్తనే సెప్పాడు. తమరు బిళ్లలాపు, దేవుడు పట్టుకుంటాడులే అన్నారు. నా గుంటని, కన్నకూతుర్ని, దూకమన్నది తమరు. తోసింది నేను. ఇందులో ఇంక వాడి పనేటుంది?"

దేవుణ్ణి పరీక్షించకూడదని ప్రభువు ఆ రోజు ఇచ్చిన జవాబూ చెప్పాను. ఎన్నో ఏళ్లుగా చదువుతున్న కత్తిని మొదటిసారి సరైన వైపు తిప్పాను. గడియ తీసి ఆయనకి చెప్పులు చూపించాను.

"అభిషిక్తుడి మీద నోరెత్తావు. శాపం తగులుద్ది," అని వెళ్లిపోయాడు. ఆయన ఖడ్గానికి మనుషులు తప్ప వేరే శత్రువులున్నట్టు లేదు.

కాసేపటికి ఎస్తేరు కళ్లు తెరిచింది. "నాన్నా, నా ఓషుధ్ ఏదీ?" అంది. మందుని ఇక్కడి పిల్లలు అలాగే అంటారు. బీరువా తాళం తీసి డబ్బా తన చేతిలో పెట్టాను. తను ఏం చెప్పిందో పిల్లకి ఒక్క ముక్క గుర్తులేదు.

సాయంత్రం ఆసుపత్రిలో డాక్టరు నన్ను తిట్టాడు, తక్కువే తిట్టాడు. ఆ మగతలో ఎప్పుడో విన్నవి పైకి వస్తాయన్నాడు. కానీ ఎక్కడ విన్నది? నేను చర్చిలో తిన్నగా చదువుకుపోతాను. అమ్మ గొంతు ఏ టేపులోనూ లేదు. అమ్మలా తానెప్పుడూ పిల్లకి చెప్పి చూపించలేదని సువార్త ఒట్టేసింది. వారం తర్వాత చెప్పమని అడిగితే ఎస్తేరు మొదటి వచనం కూడా పూర్తి చేయలేకపోయింది.

అమ్మ వచ్చిందని నేను అనను. పోయినవాళ్లు అలా రారని మా విశ్వాసం. దయ్యమని అసలే అనను. ఆ కీర్తన ఆ రోజు నా నోట రావాల్సింది. ఇంట్లో చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను నోరు మూసుకుని పిల్ల చేతులు పట్టుకున్నాను.

ఇప్పుడు రోజూ బిళ్ల ఇచ్చేది నేనే. ఎస్తేరు మింగాక ఆ ఆఖరి మూడు వచనాలు పైకి చదువుతాను. ఇంకోళ్ల బీటు అంది అమ్మ. ఆ ఇంకోళ్లు ఎవరో తెలియడానికి నాకిన్నేళ్లు పట్టింది.