సీలు దారం మీద ముడి

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మూడో ఏడు, వానాకాలం మొదట్లో, నన్ను టెలికాం శాఖ భద్రతా విభాగానికి డివిజనల్ ఇంజినీరుగా వేశారు. ఆఫీసు హైదరాబాదులో, తనిఖీలు మాత్రం ఎక్కువగా షాద్‌నగర్ అవతల ఒక ప్రైవేటు కంపెనీ స్టేషన్‌లో. సముద్రం అడుగున వచ్చే ఇంటర్నెట్ కేబుల్ ఒడ్డెక్కే చోటును ల్యాండింగ్ స్టేషన్ అంటారు. ఆ కేబుల్‌లో వచ్చేదాంట్లో కొంత, భూమిలో వేసిన లైను మీద ఈ స్టేషన్‌దాకా చేరేది. అందుకని ఒడ్డు మీది స్టేషన్‌కున్న భద్రతా నిబంధనలనే సముద్రం ముఖం ఎరగని ఈ చెలక నేలకూ వర్తింపజేశారు.

ఆ నిబంధనల్లో నన్ను అన్నిటికన్నా భయపెట్టింది పర్యవేక్షణ గది గురించినది. హోం శాఖ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే, ఫలానా కనెక్షన్ మీద వచ్చిపోయేదాన్ని చూసే యంత్రాలు ఆ గదిలో ఉంటాయి. కట్టి ఇవ్వాల్సింది కంపెనీ. కానీ లోపల ఎవరి మీద నిఘా ఉందో కంపెనీవాళ్లకు తెలియకూడదు. తాళం చెవి స్టేషన్‌లో ఉంటుంది, తాళం మీద నూలుదారం కట్టి లక్కతో వేసిన సీలు మాది. మా అధికారి లేకుండా తెరవకూడదు. తెరిచిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రెండు సంతకాలు పడాలి.

నేను చేరిన రెండు నెలలకు కంపెనీ కొత్త సామర్థ్యం కలుపుకుంటానని దరఖాస్తు పెట్టింది. కలిపేముందు పర్యవేక్షణ సరిగా పనిచేస్తున్నట్టు మాకు చేసి చూపాలి. ఒక గురువారం పొద్దున పదింటికి మా డైరెక్టర్ మేడమ్, నేను అక్కడికి వెళ్లాం. ఆమె కంట్రోల్ రూములో కూర్చుని ఒడ్డు మీది స్టేషన్‌తో ఫోన్‌లో మాట్లాడుతుంటే, సీలు చూసి రమ్మని నన్ను పంపారు. తాళం చెవి పట్టుకుని యాదగిరి నా వెంట వచ్చాడు. నలభై దాటిన మనిషి, కాంట్రాక్టు మీద ఏసీలు, బ్యాటరీలు చూసుకునేవాడు. ఊరు ఆత్మకూర్.

రిజిస్టర్‌లో చివరి సంతకం రెండు నెలల కిందటిది. లక్క మీద మా ముద్ర చెక్కుచెదరలేదు. దారం కోయడానికి కత్తి తీసి వంగాను. గొళ్లెం వెనక, కంటికి ఆనని చోట, ఆవగింజంత ముడి కనిపించింది.

ఇంకొకరైతే దారంలో పీచు ఉండ అనుకునేవారు. మాది నల్లగొండ దిక్కు నేత కుటుంబం. తెగిన పోగును బొటనవేలి మీద మెలిపెట్టి, తడిచేసి, ఒక్క లాగుతో అతికే ఆ ముడిని మా బాపు మగ్గం పక్కన కూర్చుని నేనే వేలసార్లు వేశాను. అది ఆఫీసులో సీలు వేసేవాడి ముడి కాదు. తలెత్తి యాదగిరి ముఖం చూశాను.

"మీరు సూసిండ్రు, సార్," అన్నాడు మెల్లగా. "పోయిన ఐతారం ఏసీ పైపు పగిలి తలుపు కిందికెళ్లి నీళ్లొస్తుండె. గా మిషిన్లు తడిస్తె నా నౌకరి పోతదని దారం కోసిన. నీళ్లు తుడిసి, పైపు బిగించి, మల్ల అతికిన. లోపల ఏం ముట్టలే."

మాకు ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను.

"మీ డ్యూటీ ఫోన్‌కు మూడుసార్లు చేసిన. ఎవ్వరు ఎత్తలే."

సెలవు రోజుల్లో సీలు గదుల కోసం ఆ ఫోన్ అధికారుల దగ్గర వంతులవారీగా ఉండేది. ఆ ఆదివారం వంతు నాది. నల్లగొండలో మేనకోడలి పెండ్లిలో దాన్ని సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకున్నాను. సాయంత్రం మూడు కాల్స్ చూసి, అవసరమైతే మళ్లీ చేస్తారులే అనుకుని, మరునాడు ఇంకో అధికారికి అప్పజెప్పాను.

"మనం మనం ఒక్కటే గద సార్," అన్నాడు యాదగిరి. మా ఇంటిపేరు ఆయనకు తెలుసు, ఆయనదీ నేత ఇల్లేనని ఆ ముడే నాకు చెప్పింది. ఆ మాట నాకు నచ్చలేదు. నచ్చలేదు గాని, చెవిలో పడింది.

కత్తి చేతిలోనే ఉంది. ఎలాగూ దారం కోయాల్సిందే. సరిగ్గా ముడి మీద కోస్తే ఆనవాలు పోతుంది. ఆయన ఉద్యోగం నిలుస్తుంది, నా నిర్లక్ష్యం ఎవరికీ తెలియదు. కానీ గది తెరవలేదని నేను సంతకం పెట్టాలి. ఆ నాలుగు రోజుల్లో లోపలికి ఎవరెవరు వెళ్లారో యాదగిరి మాట తప్ప నాకేం రుజువుంది? అవతలి గదిలో మేడమ్ ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె రాగానే ముడి చూపించాను. డ్యూటీ ఫోన్ సంగతీ అప్పుడే చెప్పాను, కాసేపాగితే చెప్పలేనని నాకు తెలుసు. దారం ముట్టవద్దని, ఫొటోలు తీయమని మాత్రం అన్నారామె. ఆ రోజు పరీక్ష ఆపేశాం.

యంత్రాల్లోని రికార్డులన్నీ మా వాళ్లు తిరగేశారు. ఆ ఆదివారం గానీ, ఆ తర్వాత గానీ ఎవరూ ఏదీ ముట్టలేదు. పైపు అతుకు కూడా కనిపించింది. యాదగిరి చెప్పింది అక్షరాలా నిజం. విచారణలో నేను అదే రాసిచ్చాను.

కంపెనీ ఆయన్ను ఆ నెలాఖరుకే తీసేసింది. కాంట్రాక్టు మనిషి కనుక ఒక కాగితం సరిపోయింది. నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాశాను, హెచ్చరికతో వదిలేశారు, ఆ మరుసటి ఏడు ప్రమోషన్ కూడా వచ్చింది. నీళ్లు, నిప్పు వంటి ప్రమాదం వస్తే ఇద్దరు సాక్షుల ముందు గది తెరిచి వెంటనే తెలియజేయవచ్చని తర్వాత ఒక సర్క్యులర్ తెచ్చారు. దాని ముసాయిదా రాసింది నేనే.

నిజం రాసినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. సీలు వేసిన శాఖ ఫోన్ ఎత్తకపోతే, తప్పు మొదట శాఖదేనని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. ఆ తప్పు చేసినవాణ్ని నేను. ఉద్యోగం పోయింది యాదగిరికి.