గుడివాడ షెడ్డులో అతిథి ఫ్యాను

మా అక్క ఇంటికి వచ్చిన మనిషికి మంచినీళ్ళకంటే ముందు గాలి అందుతుంది. గుడివాడ ఎండాకాలంలో దీన్ని మర్యాద అనరు, ప్రథమ చికిత్స అంటారు. వచ్చింది చుట్టమా, కరెంటు మీటరు చూసే మనిషా అని అక్క ఆలోచించదు. ముందు స్టాండు ఫ్యాను అతని వైపు తిప్పుతుంది, ఎవరని తరవాత అడుగుతుంది. ఈ మంచితనం వల్ల మా బావకు నచ్చిన వెల్డింగ్ మిషను కొద్దిలో చేజారబోయింది.

బావ షెడ్డు ఇంటి ముందే ఉంటుంది. గేట్లు, గ్రిల్సు, ట్రాక్టరు ట్రక్కులు, అంతా ఇనుము పని. ఈమధ్య రిపేరుకు వచ్చే సామాను మారింది. కార్ల రేడియేటర్లు, అల్లాయ్ చక్రాలు, రొయ్యల చెరువుల మోటార్ల మూతలు, అన్నీ అల్యూమినియమే. వాటిని చేత్తో తడిమి “విజయవాడ తీసుకెళ్ళండి” అని చెప్పాల్సి వచ్చిన రోజు బావ అన్నం తక్కువ తినేవాడు. ఆ తక్కువ కూడా మా ఇంట్లో ఇద్దరికి సరిపోతుంది, అది వేరే సంగతి.

అలాంటి రోజుల్లో నాగాయలంక నుంచి మావయ్య వచ్చాడు. మాకు చుట్టమేమీ కాదు. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. ఎప్పుడో ఒకసారి బావ చేత లంగరు అతికించుకున్న పాపానికి మావయ్య అయిపోయాడు. ఆయన పడవ ఇంజను గేరుపెట్టె పగిలింది, అదీ అల్యూమినియమే. ఎండాకాలంలో చేపల వేటకు పెట్టే నిషేధం తీరేలోగా అది బాగవకపోతే అందరి పడవలూ వెళ్తుంటే ఆయన ఒడ్డున నిలబడి చూడాలి.

“నువ్వెక్కడికీ తిప్పకు మావయ్యా. నేనే అతుకుతా” అన్నాడు బావ.

అతకడానికి మిషను లేదన్నది ఆ క్షణంలో ఆయనకు చిన్న విషయంగా తోచింది.

ఆ సాయంత్రమే నాకు ఫోను. నేను బందరులో కాలేజీలో కామర్సు చెబుతాను. బావ దృష్టిలో చదువుకున్నవాడంటే మిషనుతో వచ్చే పుస్తకం చదవగలిగినవాడు. ఆదివారం వెళ్ళి, మిషన్లు అమ్మేవాళ్ళు ఇచ్చిన పుస్తకాలు చదివాను. టిగ్ వెల్డింగులో సన్నటి మొన నుంచి మంట వస్తుంది, దాని చుట్టూ ఆర్గాన్ గ్యాసు గొడుగులా కమ్ముకుని బయటి గాలి తగలనివ్వదు. అల్యూమినియం మీద పాల మీద మీగడలా ఒక మొండి పొర ఉంటుంది. ఏసీ కరెంటు దాన్ని చీలుస్తుంది, డీసీకి ఆ పని చేతకాదు. కాబట్టి అమ్మడానికి డీసీ మిషను పట్టుకొచ్చి “అన్నీ అతుకుతుందండీ” అన్న మొదటాయన మా మజ్జిగ తాగి వెళ్ళిపోయారు. వేడి పెంచడానికీ తగ్గించడానికీ కాలి పెడలు కూడా ఉండాలనుకున్నాం. ఇనుము కరిగేముందు ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం మొహం మార్చకుండా ఉండి ఉండి ఒక్కసారిగా కారిపోతుంది. మా కాలేజీలో అలాంటి సహోద్యోగులు ఉన్నారు గనక నాకిది వెంటనే అర్థమైంది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి బీరువా అంత ఉంటుంది, షెడ్డులో లేని త్రీఫేజు కరెంటు కావాలి, పెట్టినచోటు నుంచి కదలదు. రెండోది చిన్నది, మామూలు కరెంటుకు నడుస్తుంది, ఆటోలో వేసుకుని నాగాయలంక రేవుకైనా తీసుకెళ్ళొచ్చు. బావ మనసంతా చిన్నదాని మీదే. కానీ కళ్ళతో చూడందే కొనడు.

పెద్దదాన్ని జనరేటరుతో సహా తెచ్చి చూపించిన రోజు అక్క బందరులో మా ఇంట్లో ఉంది. అతుకు వెండి గొలుసులా వచ్చింది. చిన్నదాన్ని తెచ్చిన రోజు అక్క ఇంట్లోనే ఉంది. దాన్ని అమ్మే ఆయన హెల్మెట్ పెట్టుకుని వంగేసరికి ఫ్యాను ఆయన వీపు పక్కకు చేరింది. అతుకు మాడిన అట్టులా వచ్చింది, నిండా చిల్లులు.

“మెటల్లో ఏదో తేడా ఉందండీ” అన్నారాయన. వాళ్ళ షోరూములో అంతా ఏసీ గది. ఫ్యాను అనే ప్రమాదం ఆయనకు ఎప్పుడూ ఎదురుపడలేదు.

“నిన్న ఇదే ముక్క బాగానే అతికిందండీ” అన్నాడు బావ. గొంతులో కోపం లేదు, దిగులుంది. పెద్దదే కొనాలి కాబోలు. దానికి త్రీఫేజు లైను వచ్చేసరికి వేట మొదలైపోతుంది.

సరిగ్గా అప్పుడే, మిషను సంగతి ఎంతవరకొచ్చిందో చూద్దామని మావయ్య దిగాడు. అక్కకు ఇప్పుడు అతిథులు ఇద్దరు, ఫ్యాను ఒకటి. ఎవరికీ అన్యాయం జరగకుండా ఫ్యాను తల ఇటూ అటూ తిరిగేలా మీట నొక్కింది.

“ఇంకొక్కసారి చూస్తానండీ” అని అమ్మే ఆయన మళ్ళీ వంగారు.

ఈసారి అతుకు చారలు చారలుగా వచ్చింది. రెండు వేళ్ళ వెడల్పు వెండిలా మెరుస్తోంది, తరవాత రెండు వేళ్ళు బొగ్గు, మళ్ళీ వెండి, మళ్ళీ బొగ్గు. బావ ముక్కను చూశాడు. తల తిప్పుతున్న ఫ్యానును చూశాడు. మళ్ళీ ముక్కను చూశాడు.

“ఒసేయ్, ఆ ఫ్యాను ఆపు.”

“ఇంటికొచ్చిన మనుషుల ముందు ఫ్యాను ఆపమంటావేంటి? నీకేమైనా పిచ్చా?” అంది అక్క.

“గ్యాసంతా నీ మర్యాదకు కొట్టుకుపోతోందే!”

అమ్మే ఆయన హెల్మెట్ ఎత్తి, ఎంతో మొహమాటంగా, “నాక్కూడా అనుమానం వచ్చిందండీ. అమ్మగారు అంత ఆప్యాయంగా పెడితే ఆపమనడం బాగోదని...” అన్నారు. గాలి తగలకూడదన్న వాక్యాన్ని ఆ ఇంట్లో బిగ్గరగా చదివి వినిపించింది నేనే. అందుకని ఈ చర్చలో నేను పాల్గొనలేదు.

బావే వెళ్ళి ఫ్యాను ఆపాక వచ్చిన అతుకు గురించి చెప్పడానికేమీ లేదు, వెండి గొలుసే. చిన్న మిషనే షెడ్డులో ఉండిపోయింది.

నిషేధం ఇంకా కొద్ది రోజులుందనగా మావయ్య గేరుపెట్టెతో వచ్చాడు. బావ ఉప్పూ నూనే వదిలేదాకా దాన్ని రుద్దాడు, వేడి చేశాడు, హెల్మెట్ దించుకున్నాడు. అక్క స్విచ్చు మీద చెయ్యి వేసింది. నాకు తెలిసి అతిథి ఎదురుగా ఆమె ఫ్యాను ఆపడం అదే మొదటిసారి.

“కాసేపు ఓర్చుకో బాబాయ్” అంది మావయ్యతో, ఏదో పెద్ద తప్పు చేసినట్టు. మరుక్షణం ఉండబట్టలేక విసనకర్ర అందుకుంది.

“అదీ గాలే!” అన్నాడు బావ హెల్మెట్ లోపలి నుంచి.

“ఊరుకో అమ్మాయ్. సముద్రం మీద నాకు ఫ్యాను ఎవరేశారు?” అన్నాడు మావయ్య, కండువాతో మెడ తుడుచుకుంటూ. ఆయన కళ్ళు మాత్రం షెడ్డు మూల వెలుగు మీదే ఉన్నాయి. కళ్ళు పోతాయి, చూడకు మావయ్యా అని నేనే ఆయన్ని అవతలి వైపు తిప్పి నిలబెట్టాను.

చల్లారాక పెట్టెలో డీజిల్ పోసి, కారితే తెలిసేలా దాని కింద పాత పేపరు పరిచి కూర్చున్నాం. చెమటలు కారుతున్నా ఫ్యాను సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. చాలాసేపటికి మావయ్య పేపరు లాగి, తిరగేసి, వేలితో రాసి చూశాడు. పొడిగా ఉంది.

“ఇక మా పడవ కూడా వెళ్తుంది అల్లుడూ” అన్నాడు.

అక్క స్విచ్చు వేసింది. ఫ్యానును అలవాటుగా మావయ్య వైపు తిప్పి, ఒక్క క్షణం ఆగి, కొంచెం పక్కకు జరిపింది. ఇప్పుడు సగం గాలి బావకు తగులుతోంది. ఇంటి మనిషికి ఆ ఇంట్లో అంత గౌరవం దక్కడం నేనంతకు ముందు చూడలేదు.