కమ్యూనిటీ హాల్లో మా ఫైనల్

మా ఊరి కమ్యూనిటీ హాల్లో ఒక పాత ప్రొజెక్టర్ ఉంది. ఇంటింటి చందాతో కొన్నదే అయినా క్రికెట్ ఉన్న రోజు దాని ముందు కూర్చునేది మగవాళ్లే. మేం ఇళ్లలో వంట చేసుకుంటూ, వాళ్ల కేకలను బట్టి వికెట్ పడిందో, సిక్స్ వెళ్లిందో తెలుసుకునేవాళ్లం. మన దేశపు అమ్మాయిల జట్టు ఫైనల్‌కు చేరినప్పుడు మాత్రం నేను ఊరుకోలేదు. హాలు వ్యవహారాలు చూసే మా మరిదిని అడిగాను.

"ఆదివారం హాలు మాకు గావాలె. ఆడోళ్లం అందరం మ్యాచ్ చూస్తం."

మరిది నవ్వాడు. "ఆడోళ్ల మ్యాచ్ గూడ గోడ మీద చూస్తరా వదినా? ఫోన్ల చూస్కోరాదుండ్రి."

"మేం గోడ మీదనే చూస్తం."

"సరే, తెరిచే ఉంటది. గని గదంత కలపనీకి మీకెక్కడొస్తది?"

నేను ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఆ సంగతి మరిదికి తెలియక కాదు. అతనికి వదిన అంటే చాయ్ తెచ్చిచ్చే మనిషి, అంతే. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని హాలుకు వెళ్లాను. మా ప్రొజెక్టర్‌కు నీలం తల ఉన్న పాతకాలం వైరు తప్ప ఇంకేదీ ఎక్కదు. నా ల్యాప్‌టాప్‌కేమో ఆ వైరు పెట్టే చోటే లేదు. రెండింటినీ కలిపే చిన్న కన్వర్టర్ ఒకటి ఎప్పుడూ ఆ వైరుకే వేలాడుతూ ఉండేది. ఆ రోజు లేదు.

మా తోడికోడలు, అంటే ఆ మరిది భార్యే, నన్ను పక్కకు పిలిచింది. "అది మా ఆయన తెచ్చి మా ఇంట్ల బీరువ మీద పెట్టిండక్కా. తెచ్చియ్యాల్నా?"

"వద్దు. నువ్వు తెస్తే నీకు ఇంట్ల లొల్లయితది. నేనే కొనుక్కొస్తా."

స్కూటీ మీద ఇబ్రహీంపట్నం చౌరస్తాకు పోయి, నాకు కనిపించిన మొదటి కంప్యూటర్ దుకాణంలో అడిగాను. దుకాణదారు తలెత్తకుండానే, "ఏ రకం గావాల్నో ఏమో అక్కా, సారును పంపు, ఆయనకు చెప్త" అన్నాడు.

"సారు డ్యూటీల ఉన్నడు. ప్రొజెక్టర్ నాది. నాకే చెప్పు."

ప్రొజెక్టర్ నాది అని అనేశాక నాకే విచిత్రంగా అనిపించింది. అయినా అబద్ధమేముంది? మా ఇంటి చందా కూడా అందులో ఉంది కదా.

కన్వర్టర్ కొనుక్కుని తిరిగి వచ్చేసరికి హాలు నిండింది. చెరువు చేపలు అమ్మే మా అత్త ముందు వరుసలో కూర్చుంది. వైర్లన్నీ కలిపాను. గోడ మీద ఉత్త నీలం వెలుగు తప్ప ఏమీ రాలేదు. వెనకనుంచి ఎవరో, "మీ మరిదిని పిలుద్దామా?" అన్నారు.

"పిలిస్తే నేను ఇంటికి పోత" అన్నాను.

ల్యాప్‌టాప్ తెర మీదా గోడ మీదా ఒకే బొమ్మ కనబడేలా సెట్టింగు మార్చాను. బొమ్మ వచ్చింది. కానీ గడ్డి, ఆకాశం, ఆటగత్తెలు, అంతా గులాబీ రంగే. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. వైరు వదులుగా ఉందని అర్థమై, దాని తలకు రెండు పక్కలా ఉండే చిన్న మరలు గట్టిగా బిగించాను. మైదానం పచ్చబడింది. ఆ వైరు బొమ్మను తప్ప మాటను మోసుకురాదు. అందుకని ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం నుంచి సన్నని వైరు ఒకటి హాల్లో భజనలకు వాడే స్పీకరుకు కలిపాను. కామెంటరీ ఒక్కసారిగా వీధంతా మోగింది.

ఆ చప్పుడుకు మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. మరిది నేరుగా ముందుకొచ్చి కుర్చీ లాగబోయాడు.

"ఏడికొస్తున్నవ్ రా? ఎన్కకు పో, ఆడ జాగున్నది" అంది అత్త. ఏళ్లుగా చేపలమ్మిన గొంతు అది. అతను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మన జట్టు ఓడిపోయింది. అప్పుడు వెనకనుంచి మరిది, "నేను చెప్పలేదా, గీళ్లతోని ఏమైతది" అన్నాడు.

అత్త కుర్చీలోనే వెనక్కి తిరిగింది. "గిన్నేండ్ల సంది నువ్వు చూసినయన్ని గెలిచినయా? ఓడినప్పుడు ఎవలన్న నిన్ను లేసి పొమ్మన్నరా?"

నేను వైర్లు చుడుతుంటే అతను దగ్గరకొచ్చి, "అయిపాయె గద వదినా, ఇగ సాలా?" అన్నాడు.

"ఏం సాలు? వచ్చే ఆదివారం మళ్ల కూసుంటం."

ఆ మాట తొందరపడి అనేశాను. తీరా చూస్తే వచ్చే ఆదివారం మన వాళ్ల మ్యాచే లేదు. ఎక్కడో పరాయి దేశంలో రెండు ఆడ జట్లు ఆడుతున్నాయి. సరే అని అదే పెట్టాను. ఆ ఆటగత్తెల పేర్లు పలకడానికి మాలో ఎవరికీ నోరు తిరగలేదు. తోడికోడలు కాసేపు ఎర్రబట్టల జట్టుకు, కాసేపు పసుపుబట్టల జట్టుకు చప్పట్లు కొట్టింది. అత్తకు ఆవలింతలు మొదలయ్యాయి.

"పోదామా అత్తా?" అని మెల్లగా అడిగాను.

అత్త గుమ్మం వైపు చూసింది. మరిది అక్కడే నిలబడి, మేం ఎప్పుడు లేస్తామా అని చూస్తున్నాడు.

"అయిపోనీ" అంది అత్త, కాళ్లు బారజాపుకుంటూ.

చివరి బంతి పడేదాకా మాలో ఒక్కరూ కదల్లేదు.