తెల్లటి వేడిలో మాయమైన ఇటుక

1974 వేసవిలో నన్ను బెజవాడ భవానీపురం దగ్గరున్న ఒక పరిశోధనశాలలో జూనియర్ సైంటిస్టుగా వేశారు. బాయిలర్లలో మంట చిమ్మే నోటి చుట్టూ అమర్చే ఇటుకల తయారీ మా విభాగం పని. అప్పటిదాకా అవి విదేశాల నుంచి ఓడల మీద వచ్చేవి. బెజవాడ ఎండలో కొలిమి ముందు ఉద్యోగమంటే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టేనని ఇంట్లోవాళ్ళు ఎగతాళి చేశారు. నాకు మాత్రం ఆ పనంటే మోజు.

మా విభాగాధిపతి మార్తమ్మ గారు. మట్టిలో వేడిని తట్టుకునే అల్యూమినా పొడి పాళ్ళు మార్చి మార్చి ఆవిడ కుదిర్చిన ఇటుక వేడికి కరగకుండా నిలుస్తుందో లేదో తేల్చే ఆఖరి పరీక్ష ఒకరోజు పెట్టారు. కొనబోయే విద్యుత్ కేంద్రం తరఫున ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు వచ్చారు. ఆయన కాదంటే విభాగాన్ని మూసేస్తామని పైవాళ్ళు ముందే చెప్పేశారు.

కొలిమి కావలసిన వేడికి చేరాక, ఆయన కళ్ళకు నీలి అద్దం అడ్డం పెట్టుకుని గోడలోని చిన్న రంధ్రంలోంచి చూశారు.

"అయిపోయిందండీ. లోపల ఇటుకే లేదు, కరిగి కారిపోయింది. బర్నర్లు కట్టేయించండి" అన్నారు.

నేనూ చూశాను. ఉదయం నా చేతులతో పెట్టిన ఇటుక లేదు, వెనక గోడ లేదు. అంతా ఒకే తెలుపు.

"ఉన్నపళంగా కట్టేస్తే నిజంగానే పగిలిపోతుందండీ. ఒక్క నిమిషం ఆగండి" అంటూ మార్తమ్మ గారు తోలు తొడుగులు వేసుకుని, ఒక చల్లటి ఇనప ఊచను రంధ్రంలోంచి లోపలికి తోశారు. ఆ తెలుపులో అది నల్లగా కనిపించింది. కాస్త దూరం వెళ్ళి ఆగిపోయింది. తొడుగులు ఇంజనీరు గారికిచ్చి, పొడిచి చూడమన్నారు. ఆయన పొడిచారు. గట్టిగా తగిలింది. మళ్ళీ పొడిచి, "ఉందండోయ్!" అన్నారు.

నేను రంధ్రం దగ్గర వంగి చూస్తుండగానే ఊచ కొస ఎర్రబడి, తెల్లబడి, అదీ మాయమైంది. లోపలున్నవన్నీ ఒకే వేడికి చేరితే ఒకేలా వెలుగుతాయనీ, అప్పుడు దేని అంచూ కనిపించదనీ పుస్తకాల్లో చదివినవాణ్ణే. అయినా నా జన్మలో అంతటి అద్భుతం మరొకటి చూడలేదు.

కొలిమిని మెల్లగా చల్లార్చి తలుపు తీసేదాకా ఇంజనీరు గారు ఊళ్ళోనే ఉండిపోయారు. ఇటుక మూలలు చెక్కు చెదరలేదు. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తుకుని చాలాసేపు కింద పెట్టలేదు. మా విభాగం నిలిచింది.

విపరీతమైన వేడిలో పదార్థం కన్నా ముందు ఓడిపోయేది మన కన్ను. అందుకే ఆ తరవాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ, కంటికి కనబడలేదన్న ఒక్క కారణంతో నేను ఏ పరీక్షనూ ఆపించలేదు.