బంగారు అక్షరాల కార్డు

ఢిల్లీ విమానాశ్రయంలో నా పక్కన కూర్చున్న సుజాతక్కది మంచిర్యాల, బట్టల వ్యాపారం. ఆమె చేతిలోని విమాన కంపెనీ కార్డు మీద ఆమె పేరు బంగారు రంగులో మెరుస్తోంది. యాభై దాటాక చదువు నేర్చిన నేను ఆ ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని చదివి కుళ్లుకున్నాను.

కార్డు చూపించి కార్డున్నోళ్లకే ఉండే లాంజిలో ఉచితంగా టిఫిన్ తింటానని వెళ్లిన ఆమె వెంటనే తిరిగొచ్చింది.

"పన్నెండేండ్ల సంది వీళ్ల విమానమే ఎక్కుతున్న. రూల్ మారిందట, గిప్పుడు నా పాయింట్లు సరిపోవట."

"గదేందక్కా?" ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి డబ్బా తెరిచి ఆమె ముందుకు జరిపాను. "మా గోదావరిఖని బొగ్గుబాయిల సర్వీసు ఎక్కువున్నోళ్లకే ముందుగాల మంచి క్వార్టర్ ఇస్తరు. వీళ్లకు పాతోళ్లంటే లెక్క లేదా?"

"లెక్కుంటే నీ సర్వపిండికి చెయ్యి చాపుదునా, చెల్లె?"

తింటూ కార్డును బ్యాగులో పడేసింది. నా చూపు మాత్రం దాని వెంటే పోయింది. ముప్పై ఏళ్లు నేను ఊడ్చిన క్వార్టర్ తలుపు మీద మా ఆయన పేరే ఉండేది.