చరఖా విప్పిన రోజు

పంద్రాగస్టుకి మూడు రోజులుందనగా హెడ్మాస్టారు నన్ను తన గదికి పిలిచారు. టాటానగర్‌లో బర్మామైన్స్ పేటలోని మా తెలుగు బడిలో నేను మూడో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. చెప్పేదాన్ని అనడమే గాని, పదమూడో ఎక్కం పిల్లల దగ్గరే నేర్చుకున్నాను. ఉద్యోగం టెంపరరీ. భయం మాత్రం పర్మనెంటు.

"ఈసారి జెండా వందనానికి విద్యాశాఖ ఆఫీసరుగారు వస్తున్నారమ్మా. బడికి గుర్తింపు ఇవ్వాలో వద్దో ఆ రోజే తేలిపోతుంది," అన్నారు. "మీ నాన్నగారి జెండా ఎగిరిందంటే గుర్తింపూ ఉండదు, నువ్వూ ఉండవు. నేను మాత్రం ఉంటానని ఏముంది?"

మా అయ్య జెండా మధ్యలో చరఖా ఉండేది. స్వరాజ్యం రాకముందు, శ్రీకాకుళం వైపు మా ఊళ్లో, ఆ జెండా పట్టుకుని నడిచినందుకు పోలీసులు ఆయన భుజం విరగ్గొట్టారు. ఉక్కు కర్మాగారంలో పని వెతుక్కుంటూ వచ్చినప్పుడు ట్రంకుపెట్టె అడుగున దాన్నే పెట్టుకుని టాటానగర్‌లో రైలు దిగాడు. దేశం జెండాలో చరఖా పోయి అశోకచక్రం వచ్చిందని ఆయనకు తెలియక కాదు. అయినా ఏటేటా మా బడిలో ఎగిరేది అయ్య జెండాయే. మన బడి, మన పెద్దాయన అని ఎవరూ ఏమీ అనేవారు కాదు.

"కొత్తది కొనలేమా మాస్టారూ?"

"ఖాదీ కొట్లో అయిపోయాయి. నిన్ననే వెళ్లొచ్చాను. మీ నాన్నగారికి నువ్వే చెప్పాలి."

నేను చెప్పానని రాస్తే అబద్ధమవుతుంది. చెబుదామని రెండు పూటలు నోరు తెరిచి, తెరిచినందుకు అన్నమే పెట్టుకున్నాను. అమ్మ చెవిన మాత్రం వేశాను. మర్నాడు సాయంత్రం చెప్పింది అమ్మే.

"ఆ జెండా ఎగిరితే గుంట ఉద్యోగం పోద్దంట. ఓపాలి ఇను."

అయ్య కంచంలో చెయ్యి ఆపాడు. "ఏటే గుంటా, నిజవేనా?"

"అవునయ్యా. దేశానికి జెండా ఒక్కటే ఉండాలి కదా."

"ఉండాల. ఏది ఉండాల? దెబ్బలు తిన్నప్పుడొక జెండా, గెలిసినాక ఇంకో జెండానా? ఓడిపోయినోడు జెండా మార్సుకుంటాడు గాని, గెలిసినోడు మార్సుకోడం నానెక్కడా ఇన్లేదు."

చరఖా ఒక పార్టీ గుర్తుగా కనిపిస్తుందనీ చక్రమైతే అందరిదీ అనీ పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను.

"నానే పార్టీవోడినే? పేట్రను షాపువోడిని. బస్, బాత్ ఖతం."

అయ్య హిందీలోకి దిగాడంటే మాటల్లోంచి బయటికి పోయాడన్నమాట. మర్నాడు మధ్యాహ్నం దాకా ఇంట్లో గిన్నెలు కూడా ఒకదానికొకటి తగలకుండా మెలిగాయి.

పద్నాలుగో తారీకు రెండింటికి డ్యూటీ దిగి వచ్చి, అయ్య జెండా తీసి పెరట్లో దండెం మీద ఆరేశాడు. ఎదురుగా నిలబడి చూశాడు. తర్వాత వెనక్కి వెళ్లి చూశాడు.

"ఎనకనించి సూత్తే చరఖా తిరగబడిపోతాది," అన్నాడు. "మీ సక్రమో?"

"ఎటునుంచి చూసినా ఒకలాగే ఉంటుందయ్యా."

పేట్రను షాపులో అయ్య పని చెక్కతో నమూనాలు చెయ్యడం. వాటిని ఇసుకలో అద్ది, ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. రెండు సగాలుగా చేసి, సగానికి సగం అతికినట్టు సరిపోయేదాకా నిద్రపోని మనిషి. నా పాఠం ఎక్కని చోటికి ఆ మాట ఎక్కింది.

"మార్సాలంటే ఈ గుడ్డే మారాల," అన్నాడు చివరికి. "ఇంకో గుడ్డ నాను ముట్టను."

పెళ్లయిన కొత్తలో తాను కుట్టిన చరఖాని అమ్మ తానే సూదిమొనతో విప్పింది. అయ్య అటు తిరిగి కూర్చుని, చెక్కలో చక్రం అచ్చు చెక్కాడు. చరఖా పోయినచోట మిగిలిన సూది బెజ్జాలన్నీ మూసుకుపోయేలా తెల్లపట్టీ నిండా ఉండే చక్రం. చక్రంలో ఆకులు లెక్కపెట్టమంటే నాకు ఇరవై మూడే వచ్చాయి. "నువ్వేనేటే లెక్కల టీచరమ్మవి?" అన్నాడు. రెండోసారి ఇరవై నాలుగు వచ్చాయి. ఆ రోజు ఇంట్లో వినిపించిన వేళాకోళం అదొక్కటే.

పొద్దువాలే వేళకి అచ్చు తెచ్చి గుడ్డ మీద పెట్టాడు. చక్రం తెల్లపట్టీని దాటి, పైన కాషాయం మీదికీ కింద ఆకుపచ్చ మీదికీ పావంగుళం చొప్పున వచ్చింది.

అయ్య అచ్చు ఎత్తి పక్కన పెట్టాడు. "అలవెన్సు ఇచ్చీసినాను," అన్నాడు.

పోతపోసిన ఇనుమును తర్వాత మిషను మీద చెక్కి నునుపు చేస్తారు. చెక్కినప్పుడు పోయే మందాన్ని నమూనాలో ముందే కలిపి చెయ్యాలి; దాన్నే అలవెన్సంటారు. ఇరవయ్యేళ్లుగా కలిపిన చెయ్యి, ఎవరూ అడక్కుండానే ఇక్కడా కలిపేసింది. గుడ్డని ఏ మిషను చెక్కుతుంది? అంచు తీద్దామంటే చక్రానికి చట్రమే పోతుంది. ఇంకోటి చెక్కే పొద్దు లేదు. తెల్లారితే ఆఫీసరు.

"నాను కూడా ఒగ్గినానులే, కుట్టులో," అంది అమ్మ.

పట్టీల కుట్లు విప్పింది. మడతల్లో ఆమె వదిలిపెట్టిన గుడ్డ అంగుళం దాకా బయటపడింది. ఇన్నేళ్లూ ఎండ తగలక అది కొత్తగానే ఉంది. మూడు పట్టీలనూ సమంగా వదులు చేసి తిరిగి కుట్టింది. చక్రం అంచులకు ఒరుసుకుంటూ తెలుపులోనే పట్టింది.

నీలిరంగు పూసిన అచ్చును అయ్య గుడ్డ మీదికి తెచ్చి ఆగిపోయాడు. చెయ్యి దిగలేదు.

"గుడ్డ నాను పడతాను. నువ్వు అద్దు," అన్నాడు.

రెండు వైపులా నేనే అద్దాను.

మర్నాడు ఆఫీసరు తాడు లాగాడు. జెండా విచ్చుకుని పూలు రాలాయి. పిల్లలంతా తలలెత్తి పాట అందుకున్నారు. నేను అయ్యనే చూస్తున్నాను. ఆయన నేలమీద రాలిన పూలనే చూస్తున్నాడు. ఆఫీసరు కాసేపు పైకి చూసి, "ఠీక్ హై," అన్నాడు. హెడ్మాస్టారు ఊపిరి వదలడం నాకు పక్క వరసలోకి వినిపించింది.

ఇంటికి నడుస్తుంటే అయ్య అడిగాడు. "పైకెల్లినాక సక్రం సరిగ్గా మద్దెకే ఉన్నాదా?"

"ఉందయ్యా. సరిగ్గా మధ్యలోనే ఉంది," అన్నాను.

నేనూ చూడలేదు.